మూత తీస్తే పెద్దత్త రావాలి

నిన్న ఫ్రిజ్ కడుగుతుంటే తలుపు అరలో, నిమ్మకాయల వెనక నుంచి, ఒక చిన్న ఆకుపచ్చ ట్యూబు చేతికొచ్చింది. నొక్కితే ఏమీ రాలేదు. మూతి దగ్గర ఎండి గట్టిపడిపోయింది. పారేయబోతూ, ఎందుకో మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గడపలో నిలబడి ఫోన్ చూసుకుంటున్న మా అమ్మాయి పకపకా నవ్వింది.

"అచ్చం అవ్వ లెక్కనే చేస్తానవ్ అమ్మా. ముక్కేమో ట్యూబు మీద, కండ్లేమో నా మీద!"

నాకు చురుక్కుమంది. ఆ మనిషి లెక్క నేనా? కాపురానికొచ్చిన నాటి నుంచి ఆమె ముక్కుకు జడిసి జడిసి వంట చేసిన దాన్ని నేను. ఫ్రిజ్ తలుపు దఢాలున మూసి, ట్యూబు మాత్రం మళ్లీ నిమ్మకాయల వెనకే పెట్టాను.

ఆమె మా అత్తగారి అక్క. మా ఆయనకు పెద్దమ్మ, నాకు పెద్దత్త. కొత్తవాడలో ఒక పాత ఇంట్లో, జంపఖానాల మగ్గం తీసేసిన గుంట మీద చెక్కలు పరిచి, ఆ చెక్కల మీద మంచం వేసుకుని ఒక్కతే ఉండేది. పొట్టి మనిషి. ముక్కు చూస్తే అంత పెద్దదేం కాదు. కానీ ఆ ముక్కుకు ఎర్రరాయి పుడక ఉండేది. ఏదైనా వాసన చూసేటప్పుడు ఆ రాయి కదిలేది. ఆ రాయి కదిలితే మా కుటుంబంలో వంట చేసిన వాళ్లందరికీ గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి.

మా అత్తింటి వైపు వాళ్లకు ఒక పద్ధతి ఉంది. పెళ్లి కానీ, పురుడు కానీ, పోచమ్మకు చేసుకునే పండుగ కానీ, ఏ దావత్ అయినా వంటాయన గంజు మూత తీసి తనంతట తాను గరిటె ముంచడు. ముందు పెద్దత్తను పిలవాలి. ఆమె లేచి, కొంగు వెనక్కి వేసుకుని, గంజు మీదికి వంగి, ఊపిరి పీల్చి, కళ్లు మాత్రం పైకెత్తి చూసేది. "ఊఁ, వడ్డించుండ్రి" అంటే విస్తళ్లు పడేవి. "ఉండుండ్రి" అంటే పెండ్లికొడుకు తండ్రయినా సరే ఆగాల్సిందే. ఎప్పుడో ఒక పెళ్లిలో పాడైపోయిన పెరుగును ఆమె పట్టుకుందట. లేకపోతే ఆ పెళ్లి పెళ్లంతా దవాఖానలో తేలేదట. ఆ పెళ్లి ఎవరిదో మాత్రం ఇప్పటికీ నాకు ఒక్కరూ చెప్పలేకపోయారు. అడిగితే "ఎవరిదో తియ్యి, జరిగింది నిజం" అంటారు.

ఇలాంటి వాటిని నమ్మే మనిషిని కాను నేను. మాది పరకాల వైపు వ్యవసాయం ఇల్లు. మా నాన్న పత్తి విత్తనాల సంచి కొంటే దుకాణం ముందే ఎండలో నిలబడి, సంచి కుట్టు తిప్పి తిప్పి చూసి, దాని మీది అచ్చును గోటితో గీకి చూసి గానీ తెచ్చుకునేవాడు కాదు. ఆయన కూతుర్ని. పాలవాడిని నమ్మను, వాతావరణం వార్తలు నమ్మను, మా ఆయన "ఇప్పుడే బయల్దేరిన" అంటే నమ్మను. అలాంటి నన్ను తీసుకొచ్చి ఆ ముక్కు ముందు పడేశాడు దేవుడు.

ఆమె గడప దాటి లోపలికి వస్తూనే మొదలుపెట్టేది. "రాత్రి పాలు పొంగినయా?" "ఈ కందిపప్పు కొత్తది కాదు, నిన్ను మోసం చేసిండ్రు." "అల్లం పొట్టు తియ్యకుండ దంచినవ్, తీసిన అనకు." అన్నీ నిజమే అయ్యేవి, అదీ నా మంట. పెళ్లయిన కొత్తలో కష్టపడి నాటుకోడి వండితే, మూత తీసి, నా మొహంలోకి చూసి, "మంచిగనే ఉంది గని భయపడుకుంట వండినవ్ బిడ్డా" అంది. భయానికి వాసనేమిటండీ? ఆ రోజు నుంచే నాకు ఆమె మీద అనుమానం. "వాసనకు అబద్ధం రాదు" అనేది ఆమె ఊతపదం. మనుషులకు వస్తుంది కదా అని నేను లోలోపల గొణుక్కునేదాన్ని.

అయినా తినేది. వంకలు పెట్టినా, గొణిగినా, ప్రతి ఆదివారం షేర్ ఆటోలో హన్మకొండ వచ్చి మా ఇంట్లో చెయ్యి కడిగేది. అలాంటిది కరోనా కాలం దాటాక ఒక్కసారిగా మానేసింది. రావడం మానలేదు, తినడం మానేసింది. చేతిలో తన నీళ్ల సీసా తెచ్చుకుని, దివాన్ మీద కూర్చుని, అందరి మంచి చెడ్డా అడిగి, నేను కంచం పెట్టగానే లేచేది. "ఇప్పుడే తిన్న బిడ్డా." మరో వారం "ఒక్కపొద్దు." ఇంకో వారం "కడుపుల మంచిగ లేదు." అక్కడి నుంచి నేరుగా మా మరిది ఇంటికి పోయి, మా తోటికోడలు వడ్డిస్తే మారు అడిగి తినేది. ఈ సంగతి నాకు మా తోటికోడలే చెప్పింది. నవ్వుతూ చెప్పింది.

నాకు తలకాయ కొట్టేసినట్టయింది. పెద్దత్త ముద్ద ముట్టని ఇల్లంటే మా చుట్టాల్లో ఇక చెప్పేదేముంది? ఒక పెళ్లిలో పక్క వరస నుంచి ఒకావిడ వంగి మరీ అడిగింది, "ఏందమ్మా, మీ పెద్దత్త నీ ఇంట్ల తింటలేదట, ఏమయింది?" ఏమయిందో నాకు తెలిస్తే కదా! ఆమెకు కరోనా జ్వరమొచ్చినప్పుడు అన్నం డబ్బా గడప దగ్గర పెట్టి దూరం నుంచే పలకరించి వచ్చామనా? నేను వాళ్ల ఇళ్ల పిల్లను కాననా? అలా అయితే ఇన్నేళ్లు ఎట్లా తిన్నది? నా వంటలో ఏదో వాసన పట్టిందా? రాత్రి పూట కూర గిన్నెలు తెరిచి నేనే వాసన చూసుకునేదాన్ని. ఎన్నిసార్లు చూసినా కూర కూరలాగే ఉండేది. ఒక్కసారి ఈ ఇంట్లో ఆమె చెయ్యి కడిగితే చాలు, ఆ తర్వాత నన్నేమన్నా పడతాను అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ల కిట్టీ పార్టీ వంతు నాకొచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి శనివారం దిగబడి, "ఈసారి మిర్చీ బజ్జీలు లేవు, సుషీ" అంది.

"పచ్చి చేపలా? నన్ను కాలనీల ఉండనిస్తరా?"

"పచ్చి చేప లేకుంట చేద్దాం అమ్మా. పెద్ద కథేం లేదు. పుల్లటి అన్నం, కూరగాయ ముక్కలు, ఆకుల చుట్టుడు. మనం అన్నీ టేబుల్ మీద పెడ్తం, ఎవ్వరిది వాళ్లే చుట్టుకుంటరు. నీకు వడ్డించే పని గూడ ఉండదు."

నాకు నమ్మకం కుదరలేదు. చుట్టాలను పిలిచి మీ తిండి మీరే చేసుకోండని చెప్పడం ఏ ఊరి మర్యాద? కానీ దాని సంచిలో అప్పటికే అన్నీ ఉన్నాయి. సముద్రపు నాచుతో చేసిన నల్లటి పల్చటి రేకులు, వెదురు పుల్లలతో అల్లిన చిన్న చిన్న చాపలు, ఒక వెనిగర్ సీసా, వసాబి అని ఒక ఆకుపచ్చ ట్యూబు. అన్నం అంటుకునేలా ఉండాలంది. దానికి మాత్రం నా దగ్గర కొరత లేదు. మా తమ్ముడు పరకాల నుంచి కొత్త బియ్యం పంపించాడు. ఎట్లా వండినా ముద్దయ్యేది, మా ఆయన రోజూ సణిగేవాడు. దాని ముద్దతనం చూసి మెచ్చుకున్నది మా అమ్మాయి ఒక్కతే.

ఆదివారం పొద్దున క్యారెట్, కీరా, పనీర్ కోసి పెట్టాం. రొయ్యలు ఉడకబెట్టాం. వెనిగర్ సీసా మూత బిగుసుకుపోతే నేను బలమంతా పెట్టి తిప్పాను. అది ఊడి, సగం సీసా గట్టు మీద, నేల మీద, నా చీర మీద పడింది. ఓరి దేవుడా, ఏం ఘాటు! కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత తుడిచినా ఇల్లంతా అదే కంపు. మిగిలిన సగం అన్నంలో కలిపి, చక్కెర, ఉప్పు వేసి, పెద్ద తాంబాలంలో పరిచి ఫ్యాను కింద ఆరబెట్టి, కుర్చీలు తేవడానికి నేనూ మా అమ్మాయీ కిందికి పోయాం. మా ఆయన ఐస్‌క్రీం తెస్తానని ముందే జారుకున్నాడు. తలుపు దగ్గరికి వేసి పోయామంతే.

తిరిగొస్తుంటే లిఫ్టులోనే పోపు వాసన. ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి. పాపం ఎవరింట్లోనో పులిహోర చేస్తున్నారనుకున్నాను. అది మా ఇంట్లోనే.

వంటింట్లో పెద్దత్త కొంగు బొడ్లో దోపుకుని, ఖాళీ బాండ్లీ సింకులో పెడుతోంది. తాంబాలంలో అన్నం పచ్చగా, పల్లీలతో, శనగపప్పుతో మెరిసిపోతోంది.

"పోపు మర్చిపోయినవ్ బిడ్డా" అంది, నన్ను చూసి తాపీగా. "పిలిస్తె ఎవ్వరు పలకలె. అన్నం ఆరబోసినవ్. నోట్లేసుకుంటె పులుపుంది, జర తీపి గూడ ఉంది. పసుపు లేదు, పోపు లేదు. సుట్టాలొస్తాండ్రని మా వాడు మొన్ననే చెప్పిండు. నీ ఇజ్జత్ పోతదని నేనే ఏసిన."

మా అమ్మాయి కుర్చీలు వదిలేసి, నేల మీద కూలబడి, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను ఆలోచిస్తున్నది వేరే. ముక్కు పగిలే ఈ వెనిగర్ కంపులో నిలబడి, గడప దగ్గరే నిన్నటి కూర కనిపెట్టే మనిషికి, ఇది చింతపండు పులుపు కాదని తెలియలేదా? తెలియకపోవడమేమిటి! తెలిసే చేసింది. నా పార్టీ చెడగొట్టడానికే ఇంత పొద్దున్నే వచ్చింది. తినదు సరే, నలుగురికీ పెట్టుకోనివ్వదా?

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాను.

"చేసేదేముంది? ఇంకోసారి వండుదామంటె వెనిగర్ లేదు. పులిహోర సుషీ. నడువు" అంది మా అమ్మాయి.

ఆడవాళ్లు వచ్చారు. వచ్చారు కానీ గోడవారగా నిలబడిపోయారు. పచ్చి చేపలు తినిపిస్తారని అప్పటికే అన్ని ఫ్లోర్లకూ పాకింది. ఎవరు పాకించారో నాకు తెలుసు, చెప్పను. పై ఫ్లోరు టీచరమ్మ నల్ల రేకును రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇది కార్బన్ పేపరా, తినేదేనా?" ఒకావిడ రొయ్యల గిన్నె వైపు చూసి ముక్కు మూసుకుంది. చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని అందరూ సిద్ధంగా ఉన్నారు, ఒక్కరూ మొదలుపెట్టరు. అంతలో టీచరమ్మ దివాన్ మీద కూర్చున్న ముసలావిడను చూసింది.

"ఈమేనా మీ పెద్దత్త? మీరు ఎప్పుడు చెప్తుంటరు గదా, ఆ ముక్కు! అమ్మా, జర మీరే చూసి చెప్పుండ్రి. మీరు తినొచ్చంటె తింటం."

నా పరువు తీసుకుపోయి ఎవరి చేతిలో పెట్టారో చూడండి. పెద్దత్త లేచింది. కొంగు వెనక్కి వేసుకుంది. ఒక్కో గిన్నె మీదికి వంగింది. కీరా, క్యారెట్, పనీర్, నల్ల రేకు. ఆఖరికి రొయ్యలు. రొయ్యల మీద చాలాసేపు ఆగింది. ఆమె కళ్లు పైకెత్తి నన్ను చూసింది. గిన్నెను కాదు, నన్నే.

"చేప కంపే లేదు. తినుండ్రి" అంది.

అందరూ ఊపిరి వదిలారు. నేను వదల్లేదు. ఉడికిన రొయ్యల మీద ముక్కు పెట్టి చేప కంపే లేదంటుందా? నాకే గుప్పుమంటోంది కదా! ఈమె నన్ను ముంచుతోందా, కాస్తోందా?

"ఈ పచ్చది ఏంది?" టీచరమ్మ చిన్న ప్లేటు చూపించింది. మా అమ్మాయి జవాబు చెప్పేలోపే పెద్దత్త దాని మీదికి వంగి, గట్టిగా ఊపిరి పీల్చి, "పచ్చిమిరపకాయ తొక్కు, మంచిగ నూరిండ్రు" అని, ఉసిరికాయంత వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

"అవ్వా! అది తొక్కు కాదే, వసాబి!" మా అమ్మాయి అరిచింది.

ఆమె మొహం ఎర్రబడింది. కళ్లు గట్టిగా మూసుకుంది. ఒక చేత్తో టేబుల్ అంచు, ఇంకో చేత్తో ముక్కుపుడక పట్టుకుంది. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. ఒకరు నీళ్లంటారు, ఒకరు పెరుగంటారు. అంతసేపూ తిట్టుకున్న మనిషిని పట్టుకుని "పెద్దత్తా, పెద్దత్తా" అని ఏడుపు గొంతుతో పిలిచాను. ఆమె కళ్లు తెరిచింది. ఎవ్వరినీ చూడలేదు. మళ్లీ వేలు చాచి, ఈసారి మిరియపు గింజంత తీసి, నాలుక మీద పెట్టుకుంది. మళ్లీ ముక్కు పట్టుకుంది. నవ్వింది.

"ముక్కుల పడ్డది" అంది చిన్నగా. "బిడ్డా, ముక్కుల పడ్డదే."

అందరూ ఘాటు గురించే అనుకున్నారు. ఇక పార్టీ ఊపందుకుంది. పసుపు అన్నం నల్ల రేకులో చుడితే పల్లీలు బయటికి పొడుచుకొచ్చాయి. ఒకావిడ చుట్ట వంకర పోయింది, ఇంకొకావిడకు పంటి కింద ఎండుమిర్చి తగిలింది. టీచరమ్మ అయితే "జపాన్‌ల గూడ పోపు పెడ్తరా?" అని అడిగి రాసుకోబోయింది. మా అమ్మాయి అవునంది. నేను మాత్రం పెద్దత్తనే చూస్తున్నాను. ఆమె సింకు దగ్గరికి పోయింది. పంపు తిప్పి చెయ్యి కడిగింది. వచ్చి, వెదురు చాప ముందు కూర్చుని, తానే ఒకటి చుట్టుకుని, ఆకుపచ్చ చుక్క అద్దుకుని, మా ఇంట్లో, నా కళ్ల ముందు తిన్నది. రెండోది కూడా చుట్టుకుంది.

అందరూ పోయాక, మా అమ్మాయి గిన్నెలు తోముతుంటే, నేను పెద్దత్త పక్కన దివాన్ మీద కూర్చున్నాను. డొంకతిరుగుడు నాకు చేతకాదు. సూటిగానే అడిగాను.

"పెద్దత్తా, పొద్దున వెనిగర్ కంపు నీకు రాలేదా?"

ఆమె కొంగు అంచు మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది.

"రాలే."

"రొయ్యల వాసన?"

"ఏదీ రాదు బిడ్డా. కరోనా జ్వరమప్పుడు పోయింది. జ్వరం పోయింది గని ముక్కు మళ్ల రాలే. ఇయ్యాల ఆ పచ్చది తింటె ముక్కుల సుర్రుమన్నది. సచ్చిందనుకున్న ముక్కు, గంత బతికుంది."

"మరి ఎవ్వరికి చెప్పలేదేంది?"

"చెప్తె మూత తీసి నన్నెందుకు పిలుస్తరు?" ఆమె గొంతులో కోపం. "మూలకు కూసోబెట్టి, ఇంత ప్లేట్ల పెట్టి, తిని పండుకో అవ్వా అంటరు. నాకు మగ్గం లేదు, ఇంటాయన లేడు. గా మూత ఒక్కటే ఉండె."

"మరి ఇన్ని దావత్‌లల్ల ఎట్ల చెప్పినవ్?"

"వాసన గంజుల ఉంటదా పిచ్చిదానా? వంటోని మొకంల ఉంటది. మంచిగ వండినోడు మూత తీసి నా దిక్కు సూస్తడు. తేడా చేసినోడు గంజు దిక్కు సూస్తడు. గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకున్నట్టే. ముక్కున్నప్పుడు గూడ నేను సగం మొకాలే సూసిన."

నా నాటుకోడి గుర్తొచ్చింది. భయానికి వాసన! ఇక ఆగలేకపోయాను.

"అందరిండ్లల్ల తిన్నవ్. మా తోటికోడలు ఇంట్ల మారు అడిగి తిన్నవట. నా ఇంట్లనే ఎందుకు తినలే? నేనేం పాపం చేసిన?" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నుంచి వసాబి వాసన నాకు వస్తూనే ఉంది.

"నీకు దొరికిపోతనని భయం. వాళ్లు నా మాట ఇంటరు. నువ్వు నా మొకం సూస్తవ్. కంచం ముందు కూసోని ఇదేంది, అదేంది, ఎట్లుంది అంటవ్. ఒక్క పూటల పట్టుకుంటవ్. నీది నాది ఒక్కటే రోగం బిడ్డా."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్లలో నన్ను ఎవ్వరూ అంతగా పొగడలేదు. గుండె మీంచి పెద్ద బండ దిగినట్టయింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆమెను ఆటో ఎక్కించి మెట్లెక్కుతుండగానే మళ్లీ పురుగు తొలిచింది. పోపు పెట్టి దొరికిపోయింది కాబట్టి ఈ కథ అల్లలేదు కదా? అల్లిక ఆమెకు కొత్తా?

మరుసటి ఆదివారమే పరీక్ష పెట్టాను. వెనక నుంచి పోయి, ఇంగువ డబ్బా మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టి, "ఏందిది చెప్పు" అన్నాను. ఆమె ముందు నా మొహం చూడబోయింది. నేను మొహం తిప్పేసుకున్నాను.

"మొకం తిప్పితె ఎట్ల చెప్పాలె?" అని కసురుకుంది. "పరీక్షలు పెడ్తానవా? పెద్దదాన్నని గూడ లేదు."

నేను సగం నమ్మాను. సగం అట్టే పెట్టుకున్నాను.

అప్పటి నుంచి దావత్‌లలో ఆమె పక్కన నేను నిలబడడం మొదలైంది. అది మా ఇద్దరి మధ్య రహస్యం. మూత తీయగానే నేను కూడా కొంచెం వంగేదాన్ని. బాగుంటే కొంగు సర్దుకోవాలి, తేడా ఉంటే దగ్గాలి. చుట్టాలంతా పెద్దత్త పెద్ద కోడలికి విద్య నేర్పుతోందనుకున్నారు. ధర్మసాగర్‌లో ఒక పెళ్లికి పోతే కట్టెల పొయ్యి పొగ నా గొంతులో పడింది. ఆపుకోలేక దగ్గాను. ఆమె వెంటనే చెయ్యెత్తి "ఉండుండ్రి" అంది. బగారా అన్నం గంజు ముందు అంతా బిగుసుకుపోయారు. వంటాయన దేవుళ్లందరి మీదా ఒట్లు పెడుతున్నాడు, పెండ్లిపిల్ల తండ్రి కండువాతో చెమట తుడుచుకుంటున్నాడు. నేను ఆమె చెవి దగ్గర "పొగకు దగ్గిన" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపుకు ఆ బగారా అక్కడే మాడిపోవాలి. మళ్లీ వంగింది. మళ్లీ పీల్చింది. "ఇందాక గాలి అటు కొట్టింది. మంచిగనే ఉంది, వడ్డించుండ్రి" అంది. ఇంటికొచ్చేదాకా ఆటోలో నాతో మాట్లాడలేదు.

ఆదివారాలు మాత్రం మా ఇంట్లోనే తినేది. కంచం ముందు కూర్చోగానే "ఆ పచ్చది ఉన్నదా?" అని అడిగేది. పప్పన్నంలో, జొన్నరొట్టెలో, దేంట్లోనైనా ఒక చుక్క. అది నోట్లో పెట్టుకుని, పుడక పట్టుకుని, కళ్లు మూసుకుని, నీళ్లు కారాక, "ఉన్నది, ఇంక ఉన్నది" అనేది. తర్వాత మిగతా అన్నం తినేది. ప్రతి గిన్నె ముందు నా వైపు తోసి "జర సూడు" అనేది. నేను వాసన చూసి ఊఁ అంటేనే కలుపుకునేది. పెద్దత్త ఇప్పుడు తమ ఇంటికి రావడమే తగ్గించిందని మా తోటికోడలు వాపోయింది. ఈసారి నవ్వడం నా వంతయింది.

మొన్నటి వానాకాలంలో నిద్రలోనే పోయింది. కొత్తవాడ ఇంటి ముందు జనం. లోపల ఆడవాళ్లు ఏడుస్తున్నారు. నాకు కన్నీళ్లు రాలేదు, బుద్ధి ఊరుకోదు కదా, నేరుగా వంటింట్లోకి పోయాను. అరలో డబ్బాలు ఒక్కొక్కటే తీశాను. పల్లీల పొడి మక్కిపోయి ఉంది. సగం వాడిన నూనె కనరు కంపు కొడుతోంది. పప్పు డబ్బా తీస్తే బూజు వాసన గుప్పున కొట్టింది. అన్నిట్లోనూ చెంచాలున్నాయి. వారమంతా వీటినే తిన్నదన్నమాట. కొత్తవాడలో "జర సూడు" అనడానికి ఆమెకు ఎవరున్నారు? అట్టే పెట్టుకున్న ఆ సగం అనుమానం కూడా అప్పుడు పోయింది. పల్లీల డబ్బా ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. డబ్బా పట్టుకుని ఎందుకు ఏడుస్తున్నానో ఎవ్వరికీ అర్థం కాలేదు, నేను చెప్పలేదు.

దినాల నాడు ఆ ఇంటి ముందే టెంటు వేశారు. పొద్దటి నుంచి ఏడ్చి ఏడ్చి నాకు ముక్కు దిబ్బడ వేసింది. విస్తళ్లు పరిచారు. వంటాయన గంజు మూత తీసి, అలవాటు కొద్దీ గరిటె పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. అందరి కళ్లూ ఆమె ఎప్పుడూ కూర్చునే చోటు వైపు పోయాయి. మా మరిది గొంతు సవరించుకున్నాడు.

"వదినా, నువ్వు సూడు."

లేచాను. కొంగు వెనక్కి వేసుకుని గంజు మీదికి వంగాను. గట్టిగా ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. ఆవిరి మొహానికి తగిలింది కానీ ముక్కులోకి ఏదీ రాలేదు. మళ్లీ పీల్చాను. ఏమీ రాలేదు.

కళ్లెత్తి వంటాయన వైపు చూశాను. ఆయన గంజు వైపు చూడడం లేదు, నా వైపే చూస్తున్నాడు.

"మంచిగనే ఉంది" అన్నాను. "వడ్డించుండ్రి."